నీళ్ళు తోడే డబ్బా

ముప్పై ఒక్క ఏళ్ళు
కళింగపట్నం లైట్‌హౌస్‌లో అద్దాలు తుడిచాను.
ఆ వెలుగు చూసి ఎవరెవరో ఒడ్డుకు చేరారు,
నేను మాత్రం ఒడ్డు దాటలేదు.
రిటైరైన డబ్బు చేతికొచ్చాక
రేకులు తీయించి స్లాబు వేయిద్దామంది మా ఆవిడ.
తెరచాప ఉన్న పడవ కొంటానన్నాను నేను.
రెండు రోజులు పలకలేదు.
మూడోనాడు కంచంలో చారు పోస్తూ
"పాతదైతే సూడు" అంది.

పాతవి రెండున్నాయి.

ఒకటి మా వంశధార మొగలోనే,
సూరాడ ఎర్రయ్యది.
నీలిరంగు, ఇంకా చేతికంటుకుంటోంది.
ముక్కుకి పసుపు, బొట్టు,
పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు.
చాప కొత్తది, తాళ్ళు కొత్తవి,
చుక్కాని మేకులు కూడా మెరుస్తున్నాయి.
"సుక్క నీరు రాదు బాబూ, పరుపేసుకు తొంగోవచ్చు"
అని ఒట్టేశాడు
గంగమ్మ మీద, తన రెండో కొడుకు మీద.

రెండోది భావనపాడులో.
టెక్కలి దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో,
ఆఖర్న ఇసకలో, చెప్పులు చేతబట్టుకుని.
మైలపల్లి పోలమ్మ పడవ.
రంగు లేదు. ఒకప్పుడుండేదని
పలకల సందుల్లో పచ్చగా చిన్న సాక్ష్యం.
చాపకి పదకొండు అతుకులు,
ఒకటి బియ్యం గోనె,
అక్షరాలు ఇంకా చదవొచ్చు.
పోలమ్మ ఏమీ పొగడలేదు.
"ఎడం పక్కకి లాగుద్ది. అలవాటైతే పర్నేదు.
నీరొస్తాది. చుట్ట కాల్చినంతసేపటికి నాలుగు డబ్బాలు"
అనేసి, వలలో చిక్కిన పీతకాళ్ళు తీసుకోసాగింది.

నాతో వచ్చిన వడ్రంగి పైడాచారి
పలకకి చెవి ఆనించి చిన్న సుత్తితో కొడతాడు,
డాక్టరు వీపు మీద వేళ్ళతో తట్టినట్టు.
ఎర్రయ్య పడవ ఏడు చోట్ల టంగుమంది,
రెండు చోట్ల పండిన గుమ్మడికాయలా పలికింది.
అక్కడే రంగు రెండు పూతలు ఎక్కువుంది.
పోలమ్మది అన్ని చోట్లా ఒకటే మోత,
పొడిదగ్గులాంటిది.
"మద్దికర్ర. ముసిల్దే. సచ్చిపోనేదు" అన్నాడు.

అయినా తేల్చుకోలేకపోయాను.
ఆ నీలిరంగు కళ్ళముందు కదుల్తోంది.
అబద్ధమెందుకు,
అరవై దాటినా నాకు అందమే కావాలి.

అప్పుడు కనపడిందా డబ్బా,
పోలమ్మ పడవ అడుగున.
నూనె డబ్బాని ఏటవాలుగా కోసింది.
ఒళ్ళంతా తుప్పు, చెయ్యి పట్టే చోట మాత్రం నునుపు.
అంచు అరిగి అరిగి
పడవ కడుపు వంపుకి సరిగ్గా వంగింది.
ఎన్ని వేలసార్లు గీకితే
రేకు కర్ర ఆకారం నేర్చుకుంటుంది?
ఎర్రయ్య పడవలో డబ్బా లేదు.
అడిగితే నవ్వాడు, "నీరు రాందే అదేల బాబూ?" అని.
ఆ మాట చెబితే
పైడాచారి పక్కకి ఉమ్మి అన్నాడు:
"నీటిమీదికెల్తే గదా నీరొచ్చీది."

బయానా ఐదువేలు ఇచ్చాను.
పోలమ్మ రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసింది.
చాప, లంగరు, తెడ్లు,
కొబ్బరిచిప్పలో మిగిలిన గుగ్గిలం ముద్దతో సహా
అన్నీ వేలితో చూపించి అప్పజెప్పింది.
డబ్బా మాత్రం తీసి చంకలో పెట్టుకుంది.
"అది పడవలోది కదమ్మా?"
"పడవ అమ్మినాను. ఇది అమ్మనేదు."
ఇంకో రెండొందలిస్తానన్నాను.
తల అడ్డంగా ఊపింది.
అది ఎవరి చేతుల నునుపో నేనడగలేదు.

తిరుగుదారిలో, టెక్కలి బజార్లో ఇనప కొట్టు.
"రేకు డబ్బా ఒకటి. వాలుగా కోసివ్వాలి."
"ఏటికి బాబూ? కుడితికా?"
ముప్పై ఒక్క ఏళ్ళు నోట్లో నానిన మాట,
మొదటిసారి కదా, కాస్త గట్టిగానే వచ్చింది:
"నా పడవకి."
కత్తెర ఆపి ఒకసారి నా చొక్కా వైపు చూసి
మళ్ళీ కోశాడు.

అంచు మరీ కొత్తది.
బస్సెక్కి ఒళ్ళో పెట్టుకున్నానో లేదో
బొటనవేలు తెగింది.